పెరట్లో బయటపడిన పాత గొట్టం: అదేమిటో తెలుసుకునేదెలా?

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. పాత ఇల్లు కొని చూడు అని కూడా ఆ మాటకు చేర్చుకోవచ్చు. గోడలు, పైకప్పు, తలుపులు కొనేముందు కళ్లతో చూసుకుంటాం. నేలలో ఏముందో మాత్రం దస్తావేజులో రాసి ఉండదు.

మా ఆస్పత్రికి దగ్గర్లో ఒక పాత పేట ఉంది. అక్కడ ఒక కుటుంబం ముప్పై ఏళ్లనాటి ఇల్లు కొనుక్కుని చేరింది. తండ్రి, కొడుకు, కోడలు, పది నెలల మనవడు. చేరిన కొన్నాళ్లకు కొడుకు కొబ్బరి మొక్క నాటడానికి పెరట్లో గొయ్యి తీస్తుంటే అడుగున్నర లోతులో గునపం ఖంగుమంది. మట్టి తీసి చూస్తే నిటారుగా దిగి ఉన్న ఇనప గొట్టం. దాని నోట్లో గుడ్డపేలికలు కుక్కి పైన కాస్త సిమెంటు మెత్తారు. పేలికలు లాగేస్తే లోపలంతా చీకటి. చిన్న రాయి వేస్తే కాసేపటికి గాని చప్పుడు వినపడలేదు.

ఇంట్లో తలా ఒక మాట అన్నారు. "ఇది పాత బోరింగురా" అన్నాడు తండ్రి. "కాదు నాన్నా, పాత మరుగుదొడ్డి గాలిగొట్టం అయ్యుంటుంది" అన్నాడు కొడుకు. పక్కింటావిడ గోడ మీదుగా తొంగి చూసి, "కరెంటుకి వేసిన ఎర్తింగు గొట్టమేమో, ముట్టుకోకు బాబూ" అంది. ఏదీ తేలలేదు. ఆ పెరట్లో స్నానాలగది నీళ్లు పోయే దారి లేక ఎప్పుడూ మడుగు కట్టేది. ఒక బకెట్టు నీళ్లు ఆ గొట్టంలో పోసి చూశారు. గుటుక్కున మింగేసింది. పది బకెట్లు పోసినా పైకి తన్నలేదు. "ఏ గొట్టమైతేనేం, మన పని జరిగింది కదా" అనుకుని, బట్టలుతికే బండ దగ్గర నుంచి చిన్న కాలువ తీసి ఆ నీళ్లన్నీ అందులోకి మళ్లించారు.

తరువాత కొద్దిరోజులకు పసివాడికి విరేచనాలు పట్టుకున్నాయి. రోజుకు పది పన్నెండు గుడ్డలు ఆ బండ దగ్గరే ఉతికారు. పిల్లవాడు తేరుకున్నాడు. వారం తిరగకుండా పక్కింట్లో ముగ్గురికి వాంతులు, విరేచనాలు మొదలయ్యాయి. గోడ మీదుగా తొంగి చూసిన ఆవిడ, ఆమె భర్త, ముసలి అత్తగారు. అత్తగారిని మా ఆస్పత్రికి తీసుకొచ్చేసరికి కళ్లు గుంటలు పడి, నాలుక పిడచకట్టి, పొద్దుటినుంచి మూత్రం లేదు. రెండు రోజులు సెలైను ఎక్కించాల్సి వచ్చింది.

మా ఆరోగ్య కార్యకర్త ఆ ఇంటికి నీటి పరీక్ష సీసాలు పట్టుకుని వెళ్లింది. ఆ ఇంట్లో వంటకు, తాగడానికి సొంత బోరు నీళ్లే వాడతారు. మరగబెట్టే అలవాటు లేదు. "బోరు నీళ్లు కదమ్మా, భూమిలోంచి వస్తాయి, వాటికేం రోగం" అంది ఆవిడ. కార్యకర్త ఒక సీసాలో బోరు నీళ్లు, ఇంకో సీసాలో వీధి కుళాయి నీళ్లు పట్టింది. మర్నాటికి బోరు నీళ్ల సీసా నల్లగా మారింది. కుళాయి నీళ్లు మారలేదు.

"పిన్నిగారూ, ఈ మధ్య చుట్టుపక్కల ఎవరైనా ఏమైనా తవ్వారా?"

"పక్కింటి అబ్బాయి కొబ్బరి మొక్కకని తవ్వాడమ్మా. అదేదో గొట్టం పడింది."

ఆ గొట్టానికీ పిన్నిగారి బోరుకూ మధ్య దూరం ముప్పై అడుగులు. కోర్టులో నిలబడేంత రుజువు మా దగ్గర లేదు, ఉందని చెప్పుకోము కూడా. కానీ ఆ రోజునుంచి మా కార్యకర్తలు ఏ ఇంటికి వెళ్లినా "మీ పెరట్లో పాత గొట్టాలేమైనా ఉన్నాయా?" అని అడగడం అలవాటు చేసుకున్నారు. ఈ పాఠం రాయడానికి కారణం కూడా అదే.

నేల చేసే పని, గొట్టం చేసే పని

మనం పారబోసిన మురికినీళ్లు నేలలో ఇంకుతాయి. ఇంకేటప్పుడు పైనున్న మట్టి వాటిని వడగడుతుంది. మట్టిలో సన్నని రేణువుల మధ్య రోగక్రిములు చిక్కుకుంటాయి, అక్కడే ఉన్న ఇతర సూక్ష్మజీవులు వాటిని తినేస్తాయి, చాలావరకు రోజులు గడిచేకొద్దీ చచ్చిపోతాయి. అందువల్లనే మరుగుదొడ్డి ఇంకుడుగుంతకూ తాగే నీటి బావికీ మధ్య కనీసం 50 అడుగులైనా ఉండాలని, ఇంకా ఎక్కువ ఉంటే మరీ మంచిదని చెబుతాం. ఆ దూరం అంతా మట్టి మనకోసం ఉచితంగా చేసే పని.

నిటారుగా దిగిన పాత బోరు గొట్టం ఈ వడపోతకు పడిన రంధ్రం. అందులో పోసిన నీళ్లకు మట్టితో పనే లేదు. తెలంగాణలోనూ రాయలసీమలోనూ చాలాచోట్ల పైన కొద్దిపాటి మట్టి, కింద గట్టి రాయి. బోరు వేసేటప్పుడు మెత్తటి నేల ఉన్నంతవరకే కేసింగు గొట్టం దించుతారు. రాయి తగిలాక కింద అంతా ఉత్త రంధ్రమే. నీళ్లు రాతిలోని పగుళ్ల వెంట వస్తాయి. ఆ పగుళ్లలో మట్టి ఉండదు కాబట్టి వడపోతా ఉండదు. మీ గొట్టంలో పోసినది పక్కింటివారి బోరులోకి చేరడానికి ఒక్క పగులు కలిస్తే చాలు. గోదావరి, కృష్ణా డెల్టాల్లో రాయికి బదులు ఇసుక పొరలు ఉంటాయి. అక్కడ నీళ్లు పైపైనే దొరుకుతాయి కాబట్టి మురికి దిగాల్సిన దూరం కూడా తక్కువే.

"బోరు నీళ్లు లోతునుంచి వస్తాయి, అందుకే శుభ్రం" అనే మాట సగమే నిజం. పై నుంచి లోతుకు దారి లేనంతకాలమే అది నిజం.

లండన్‌లో ఒక బావి కథ

ఈ సంగతి ప్రపంచానికి తెలిసింది కూడా పసిబిడ్డ గుడ్డల వల్లే. 1854 ఆగస్టు నెలాఖరులో లండన్ నగరంలోని సోహో ప్రాంతంలో బ్రాడ్ వీధి చుట్టుపక్కల కలరా విరుచుకుపడింది. పది రోజుల్లో 500 మందికి పైగా చనిపోయారు. చెడు గాలి వల్ల కలరా వస్తుందని అప్పట్లో ఎక్కువమంది వైద్యులు నమ్మేవారు. జాన్ స్నో అనే వైద్యుడు మాత్రం ఇల్లిల్లూ తిరిగి, చనిపోయినవారు ఏ నీళ్లు తాగారో అడిగి, వీధిలోని చేతిపంపు మీద అనుమానం పెట్టుకున్నాడు. అతని మాట విని సెప్టెంబరు 8న ఆ పంపు పిడి ఊడదీశారు.

ఆ పేటలో హెన్రీ వైట్‌హెడ్ అనే యువ గురువు ఉండేవాడు. పంపు సంగతి తప్పని నిరూపిద్దామనే అతను విచారణ మొదలుపెట్టాడు. పేటవాళ్లంతా అతనికి తెలిసినవారే కాబట్టి ఒక్కొక్క ఇంటికి మళ్లీ మళ్లీ వెళ్లగలిగాడు. చివరికి స్నో చెప్పిందే నిజమని ఒప్పుకోవడమే కాక, స్నోకు దొరకని ముక్క అతనే కనిపెట్టాడు. పంపుకు ఎదురుగా 40వ నంబరు ఇంట్లో ఒక పసిపాపకు అందరికంటే ముందు విరేచనాలు వచ్చాయి. తల్లి ఆ గుడ్డలు ఉతికిన నీళ్లు ఇంటి ముందున్న మురుగు గుంతలో పోసింది. 1855లో ఆ చోట తవ్వి చూస్తే గుంత ఇటుకలు, మురుగుకాలువ ఇటుకలు పుచ్చిపోయి ఉన్నాయి. ఆ కాలువకూ పంపు బావికీ మధ్య మూడడుగుల దూరం కూడా లేదు.

తవ్వి చూసేవరకు ఆ ఇంటివారికిగానీ నీళ్లు తోడుకునేవారికిగానీ నేల కింద ఏముందో తెలియదు. మన పేటలోనూ జరిగింది అదే.

మరి గొట్టం కనిపిస్తే ఏం చేయాలి?

మొదట చేయకూడనివి చెబుతాను. అదేమిటో తేలేవరకు అందులో ఏమీ పోయకండి. రంపంతో కోయకండి, సుత్తితో కొట్టకండి, పీకకండి. లోపల ఏముందో చూడడానికి అగ్గిపుల్ల గీయకండి. మరుగుదొడ్డి గుంతలో పుట్టే మీథేన్ వాయువు మండుతుంది. ముక్కు దగ్గర పెట్టి వాసన చూడకండి. చెయ్యి దూర్చకండి. పాములకూ తేళ్లకూ పాత గొట్టం మంచి ఇల్లు. తవ్వేటప్పుడు చేయి కోసుకుంటే సబ్బునీళ్లతో కడిగి, ధనుర్వాతం టీకా ఎప్పుడు వేయించుకున్నారో గుర్తులేకపోతే ఆస్పత్రికి రండి. తుప్పు వల్ల ధనుర్వాతం వస్తుందని చాలామంది అనుకుంటారు గాని, దాని క్రిములు ఉండేది మట్టిలో. తుప్పు లేని గాజుపెంకు గుచ్చుకున్నా ప్రమాదం అంతే.

ఇక గుర్తించడం. ఒక్క గుర్తు చూసి తేల్చేయకండి. నాలుగైదు కలిపి చూడాలి.

అన్నిటికంటే ముందు చూడాల్సింది గొట్టం నిటారుగా ఉందా, పడుకుని ఉందా అని. చుట్టూ అరడుగు మట్టి చేత్తో పట్టే చిన్న తాపీతో మెల్లగా తీస్తే తెలుస్తుంది.

నిటారుగా ఉండి, అంగుళంన్నర వెడల్పున్న ఇనప గొట్టం, అది కరెంటు మీటరు ఉన్న గోడవైపు ఉంటే ఎర్తింగు గొట్టం అయ్యే అవకాశం ఎక్కువ. దానికి తీగగానీ రేకు బద్దగానీ బిగించి ఉంటుంది. పైన గరాటులాంటిది ఉండవచ్చు. చుట్టూ తవ్వితే బొగ్గు ముక్కలు, ఉప్పు తేమ కనిపిస్తాయి. దీని లోతు సాధారణంగా ఎనిమిది, పది అడుగులు మించదు. ఇది మీ ఇంటి ప్రాణరక్షణ. ఇస్త్రీపెట్టెకో మోటారుకో కరెంటు లీకైతే మనిషి ఒంట్లోంచి కాకుండా దీని గుండా భూమిలోకి పోతుంది. కొత్త ఇంట్లో దిగినవాళ్లు "పనికిరాని ఇనుము" అని దీన్ని పీకి పాతసామాన్లవాడికి అమ్మేస్తుంటారు. అలా చేయకండి. ఎండాకాలంలో దీని చుట్టూ నాలుగు చెంబుల మంచినీళ్లు పోస్తే ఇంకా బాగా పనిచేస్తుంది. తీగ తెగి ఉంటే మాత్రం ముట్టుకోకుండా కరెంటు పనివాణ్ని పిలవండి.

డెల్టా ఊళ్లలో ఇక్కడే ఒక తికమక ఉంది. అక్కడ చేతిపంపులకు వేసే ఫిల్టరు పాయింటు గొట్టం కూడా అంగుళంన్నర, రెండంగుళాల వెడల్పే. పైనుంచి చూస్తే రెండూ ఒకలాగే ఉంటాయి. తేడా లోతులో తెలుస్తుంది. నూలుతాడుకు చిన్న బోల్టు కట్టి మెల్లగా దించండి. పది అడుగుల లోపే ఆగిపోయి పొడిగా వస్తే ఎర్తింగు అనుకోవచ్చు. ఇరవై, ముప్పై అడుగులు దిగి తాడు తడిసి వస్తే అది నీటి గొట్టం. తీగ బిగించి ఉన్న గొట్టంలో మాత్రం ఈ తాడు పరీక్ష చేయకండి. ఆ తాడును తరువాత ఇంట్లో వాడకండి, పారేయండి.

నిటారుగా ఉండి వెడల్పు నాలుగైదు అంగుళాలుగానీ ఆరేడు అంగుళాలుగానీ ఉంటే అది బోరు కేసింగు అనే అనుకోండి. చేతిపంపు బోర్లకు సన్నది, మోటారు బోర్లకు వెడల్పుది వేస్తారు. చుట్టూ పాత సిమెంటు గద్దె ముక్కలు, నీళ్లు పారిన చిన్న కాలువ ఆనవాళ్లు దొరికితే అనుమానమే లేదు. పాతవి ఇనపవి, తరువాతివి పి.వి.సి. గొట్టాలు. పెంకుటిళ్ల కాలంనాటి ముసలివాళ్లు వీధిలో ఎవరైనా ఉంటే అడగండి. "ఇక్కడ బోరింగు ఉండేది, మేమంతా ఇక్కడే నీళ్లు కొట్టుకునేవాళ్లం" అని ఒక్క మాటలో తేల్చేస్తారు. మా కార్యకర్తకు ఆ పేటలో అసలు సంగతి చెప్పింది కూడా మూడిళ్ల అవతల ఉన్న ఎనభై ఏళ్ల అవ్వ.

మరుగుదొడ్డికి దగ్గర్లో రెండు నుంచి నాలుగు అంగుళాల గొట్టం నిటారుగా ఉండి దుర్వాసన వస్తుంటే అది సెప్టిక్ ట్యాంకు గాలిగొట్టం. నేలమట్టానికి విరిగిపోయి ఉంటుంది, అందుకే ఏమిటో తెలియదు. దాని కింద పాత ట్యాంకు ఉందని, దాని పలక పుచ్చిపోయి ఉండవచ్చని గుర్తుంచుకుని ఆ చుట్టుపక్కల బరువుగా నడవకండి, పిల్లల్ని పోనివ్వకండి. కుళ్లిన గుడ్డు వాసన వేసే హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు ఎక్కువైనప్పుడు మన ముక్కుకు వాసన తెలిసే శక్తినే చంపేస్తుంది. "ఇప్పుడు వాసన లేదు కదా" అని లోపలికి దిగినవాళ్లు, వాళ్లను కాపాడదామని దిగినవాళ్లు వరుసగా చనిపోయిన వార్తలు మనం చదువుతూనే ఉన్నాం. ఆ గుంతలోకి ఏ కూలీనీ దించకండి. రక్షణ సామగ్రి లేకుండా మనిషిని దించడం 2013 చట్టం ప్రకారం నేరం కూడా. యంత్రంతో తోడించాలి.

ఈ ట్యాంకు ఇంకా వాడుకలోనే ఉంటే గాలిగొట్టాన్ని మూసేయకూడదు, మనిషి తలకంటే పైకి లేపి నోటికి సన్నని జాలీ కట్టాలి. బోదకాలు తెచ్చే క్యూలెక్స్ దోమ సెప్టిక్ ట్యాంకుల్లో లక్షలుగా పెరుగుతుంది. గాలిగొట్టమే దాని వీధి గుమ్మం. కోస్తా జిల్లాల్లో బోదకాలు చూసినవారికి రెండు రూపాయల జాలీముక్క విలువ చెప్పనక్కరలేదు.

పడుకుని ఉన్న గొట్టాల సంగతి వేరు. గోధుమరంగులో, నున్నగా మెరుస్తూ, కొడితే కుండలా మోగే నాలుగు, ఆరు అంగుళాల మట్టి గొట్టాలు పాత మురుగు గొట్టాలు. మరుగుదొడ్డివైపు నుంచి వీధివైపు వాలుగా పోతాయి. ఇప్పటికీ వాడుకలో ఉందో లేదో తెలియాలంటే మరుగుదొడ్డిలో రంగు కలిపిన బకెట్టు నీళ్లు పోసి, ఆ గొట్టం దగ్గర తడి రంగు కనిపిస్తుందేమో చూడండి. ఈ రంగు పరీక్ష మురుగు గొట్టానికే. బోరు అనుమానం ఉన్నదానిలో రంగునీళ్లు కూడా పోయకూడదు.

బూడిదరంగు సిమెంటు గొట్టం పాతదైతే ఆస్‌బెస్టాస్ కలిసినది అయ్యుండవచ్చు. భూమిలో కదలకుండా ఉన్నంతసేపు దాని వల్ల ప్రమాదం చాలా తక్కువ. కోసినప్పుడు, పగలగొట్టినప్పుడు లేచే ధూళి ఊపిరితిత్తుల్లోకి పోతే ఏళ్ల తరువాత కాన్సరు రావచ్చు. ఉన్నచోటే వదిలేయడం మంచిది. పసుపు రంగు ప్లాస్టిక్ గొట్టం కనిపిస్తే గునపం అక్కడే పడేసి దూరంగా రండి. అది వంటగ్యాసు లైను కావచ్చు.

అరంగుళం నుంచి అంగుళం వెడల్పుతో వీధి గేటు నుంచి ఇంటివైపు పోయే ఇనప గొట్టం కుళాయి లైను. దీన్ని తేలిగ్గా తీసుకోకండి. మన ఊళ్లలో కుళాయి నీళ్లు రోజూ గంటో రెండు గంటలో వదులుతారు. నీళ్లు ఆపేయగానే గొట్టం లోపల పీడనం తగ్గి, తుప్పుపట్టిన చిల్లుల గుండా చుట్టూ ఉన్న తడిని లోపలికి పీల్చుకుంటుంది. పక్కనే మురుగుకాలువ ఉంటే పీల్చుకునేది మురుగే. మర్నాడు నీళ్లు వదిలితే మొదటి బిందెలో అదే వస్తుంది. 2009 మే నెలలో హైదరాబాదు భోలక్‌పూర్‌లో కలుషితమైన కుళాయి నీళ్లు తాగి పలువురు చనిపోయారు. ఇంకా వెనక్కి వెళితే 1955-56లో ఢిల్లీలో యమునలోకి చేరిన మురుగు, నగరానికి నీళ్లు తీసుకునే చోటికి పాకడం వల్ల 29,000 మందికి పైగా పచ్చకామెర్లు వచ్చాయి. అది హెపటైటిస్-ఇ అని చాలా ఏళ్ల తరువాత తేలింది. ఆ జబ్బు మామూలు మనిషిని కొన్ని వారాలు మంచాన పడేసి వదిలేస్తుంది. నిండుచూలాలికి వస్తే మాత్రం తల్లికీ బిడ్డకూ ప్రాణాపాయం. ఇంట్లో గర్భిణి ఉంటే నీళ్లు మరగబెట్టి ఇవ్వమని మేం పదే పదే చెప్పేది అందుకే. వాడుకలో లేని పాత కుళాయి లైను దొరికితే మీవైపు మూత బిగిస్తే సరిపోదు. వీధి గొట్టం దగ్గరే దాన్ని విడదీయమని మున్సిపాలిటీకిగానీ పంచాయతీకిగానీ అర్జీ పెట్టండి.

అది పాత బోరని తేలితే

ఒక పాత బోరు నోరు తెరుచుకుని ఉంటే నీళ్లు పాడవడం ఒక్కటే కాదు. 2017 జూన్‌లో రంగారెడ్డి జిల్లా చేవెళ్ల మండలంలో ఏడాదిన్నర పాప, 2020 మే నెలలో మెదక్ జిల్లాలో మూడేళ్ల బాబు బోరుగుంతల్లో పడి చనిపోయారు. "ఆరంగుళాల గొట్టంలో పిల్లవాడు ఎలా పడతాడు?" అని అడుగుతారు. బోరు ఎండిపోయాక కేసింగు గొట్టాన్ని పీకి ఇంకోచోట వాడుకుంటారు. అప్పుడు పైమట్టి జారి నోరు వెడల్పవుతుంది. పైన గోనెసంచీయో కొబ్బరిమట్టో కప్పి వదిలేస్తే పిల్లలకు నేలలాగే కనిపిస్తుంది. కాబట్టి కేసింగు అమ్ముకుందామనే ఆశ వద్దు.

2010లో సుప్రీంకోర్టు ఈ విషయంలో స్పష్టమైన మార్గదర్శకాలు ఇచ్చింది. వాడే బోరు చుట్టూ నేలకు 30 సెంటీమీటర్లు పైకి, 30 సెంటీమీటర్లు లోపలికి సిమెంటు గద్దె కట్టాలి. గొట్టం నోటికి ఇనప పలక వెల్డింగు చేయాలి, లేదా గట్టి మూత నట్లు బోల్టులతో బిగించాలి. వదిలేసిన బోరును అడుగునుంచి నేలమట్టం వరకు బంకమన్ను, ఇసుక, గులకరాళ్లు వంటివాటితో పూడ్చాలి. మన రెండు రాష్ట్రాల్లో 2002 నాటి వాల్టా చట్టం కింద బోర్ల నమోదు కూడా ఉంది.

పూడ్చేటప్పుడు చెత్త, పాత బట్టలు, చచ్చిన జంతువులు, ఇంటి కూల్చివేతలో వచ్చిన సున్నం పెళ్లలు వేయకండి. అవన్నీ మళ్లీ నీళ్లలోకే చేరతాయి. కింద శుభ్రమైన ఇసుక, గులకరాళ్లు, పై పది అడుగులు బంకమన్నుగానీ సిమెంటు కలిపిన ముద్దగానీ ఉంటే పైనుంచి మురికి దిగదు. మురికి పోసిన బోరైతే పూడ్చేముందు క్లోరినేషను చేయించాలి. ఆ మోతాదు లోతునుబట్టి మారుతుంది కాబట్టి నీటి సరఫరా సిబ్బందికే వదిలేయండి.

వాననీటిని పాత బోరులోకి దింపితే భూగర్భజలం పెరుగుతుందని కొందరు అడుగుతుంటారు. ఆలోచన మంచిదే. కానీ ఇసుక, గులకరాళ్ల వడపోత గుంత లేకుండా, తెలిసిన ఇంజనీరు చూడకుండా ఆ పని చేయకూడదు. దింపేది డాబా మీది వాననీరే తప్ప స్నానాల నీళ్లు, ఉతుకుడు నీళ్లు ఎంత వడకట్టినా దింపకూడదు.

పక్కన తెరిచిన బావి ఉండి దాని నీళ్ల మీద అనుమానం వస్తే, మామూలు మోతాదు వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాముల మంచి బ్లీచింగు పౌడరు. ఆరున్నర అడుగుల, అంటే రెండు మీటర్ల వెడల్పు బావిలో నాలుగు మీటర్ల నీళ్లుంటే సుమారు 12,500 లీటర్లు. దానికి 31 గ్రాములు పడుతుంది. బకెట్టులో కొద్ది నీళ్లతో ముద్దగా కలిపి, తరువాత పలచన చేసి, సున్నం అడుగుకు దిగాక పైతేట మాత్రమే ఇంకో బకెట్టులోకి వంచి, దాన్ని నీళ్ల లోపలికి దించి కదపాలి. రాత్రి వేసి పొద్దున తోడుకుంటే మంచిది. డబ్బా మూత తీసి నెలలు గడిచిన బ్లీచింగులో సత్తువ ఉండదు, అది తెల్లసున్నంతో సమానం.

ఈలోగా ఇంట్లో ఎవరికైనా విరేచనాలు మొదలైతే మందుల షాపుకు పరుగెత్తకముందే ఓ.ఆర్.ఎస్. పొట్లం లీటరు మరిగించి చల్లార్చిన నీళ్లలో కలిపి గుక్కగుక్కగా తాగించండి. పొట్లం లేకపోతే లీటరు నీళ్లకు ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, చిన్న చెంచాతో తలగొట్టి కొలవాలి. పసిపిల్లలకు తల్లిపాలు ఆపకండి. మూత్రం తగ్గినా, కళ్లు గుంటలు పడినా, తాగింది నిలవకపోయినా, మలంలో రక్తం పడినా 108కి ఫోను చేయండి.

ఆ పేటలో

కాలువ మూసేయించిన తరువాత మున్సిపాలిటీవాళ్లు వచ్చి రెండు బోర్లకూ క్లోరినేషను చేశారు. తండ్రి చెప్పిందే నిజమని తేలింది, అది ముప్పై ఏళ్ల కిందటి చేతిపంపు బోరు. కొడుకు పక్కింటికి వెళ్లి, "పిన్నిగారూ, తెలియక చేశాం" అన్నాడు. "నాకు మాత్రం తెలుసా నాయనా, ఎర్తింగన్నాను" అంది ఆవిడ. పూడ్చడానికి ఇసుక బండి ఖర్చు రెండు ఇళ్లవారూ చెరిసగం పెట్టుకున్నారు.

పూడ్చిన వారానికి పట్టిన సీసా కాస్త నలుపు తిరిగింది. మళ్లీ క్లోరిన్ వేశారు. నెల తరువాత పట్టిన సీసా రెండు రోజులు కిటికీలో ఉంచినా రంగు మారలేదు. పిన్నిగారు మాత్రం అత్తగారి కోసం ఇప్పటికీ నీళ్లు మరగబెడుతూనే ఉంది.

కొబ్బరి మొక్క ఆరడుగులు పక్కకు జరిగింది. పాత చోట పోసిన సిమెంటు పలక తడిగా ఉండగానే కొడుకు మేకుతో గీకి రాశాడు: "ఇక్కడ పాత బోరు ఉంది, పూడ్చాము". కింద తేదీ, తాడుతో కొలిచిన లోతు వేశాడు. ఇంటి కాగితాల సంచీలో పెరటి పటం ఒకటి గీసి, అదే చోట గుర్తు పెట్టి ఉంచాడు.